"తొడ కొట్టింది" అని ఆడవాళ్ల గురించి రాయకూడదా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నా. ఈ మధ్య ఒక బ్యాడ్మింటన్ మ్యాచ్ గురించి రాస్తూ, చివరి పాయింటు గెలిచాక ఆ అమ్మాయి అరిచిన తీరుకి "తొడ కొట్టినంత పని చేసింది" అని రాశాను. చూసిన ఎడిటరు అది కొట్టేసి "ఆనందం పట్టలేక ఉద్వేగానికి లోనైంది" అని మార్చారు. ఎందుకండీ అంటే ఆడవాళ్లకి ఆ మాట బాగోదు అన్నారు. ఆవిడ ఉద్వేగానికేమీ లోనవలేదు, ఎదుటివాళ్ల వైపు కూడా చూడకుండా పిడికిలి బిగించి కోర్టు దద్దరిల్లేలా అరిచింది, అంతే.

అప్పట్నుంచి మన తెలుగులో గెలుపు సైగలన్నీ గుర్తు చేసుకుంటున్నా. తొడ కొట్టడం, మీసం మెలేయడం, జబ్బలు చరచడం, కాలర్ ఎగరేయడం, రొమ్ము విరుచుకోవడం. వీటిలో మీసం ఒక్కటే మగవాడి సొంతం, మిగతా ఒళ్లంతా అందరికీ ఉన్నదే, కానీ వాడుకలో ఐదూ మగవాడికే రాసిచ్చేశాం. శిఖర్ ధావన్ క్యాచ్ పట్టి తొడ చరిస్తే దేశం మొత్తం మురిసిపోయింది, చిన్నపిల్లలు కూడా అనుకరించారు. మరి ఆడమనిషి గెలిస్తే ఏమంటాం? కళ్లు చెమర్చాయి, మురిసిపోయింది, ఆనందబాష్పాలు రాల్చింది. అన్నీ లోపల జరిగేవో, కళ్లలోంచి కారేవో. నడుం బిగించింది, కొంగు బిగించింది అని ఉన్నాయి కానీ అవి పనిలోకి దిగేముందు మాటలు, గెలిచాక పనికిరావు. ఇంక ఆమె గట్టిగా అరిచిందంటే రెడీగా ఉన్న మాటలు వేరే: పొగరు, అతి, ఓవరాక్షన్, నోరెక్కువ, గయ్యాళి. గయ్యాళి మగాడు అని నేనైతే ఎప్పుడూ వినలేదు.

నా ప్రశ్న ఇది. గెలిచిన ఆడమనిషి ఒంటికి సరిపోయే మాట తెలుగులో ఉందా? లేకపోతే ఉన్న మాటల్నే తీసుకోవడానికి అడ్డేంటి?

ఒక పెద్దాయన:
మంచి చర్చ పెట్టావమ్మా. అయితే ఎడిటరు గారి ఇబ్బంది పూర్తిగా వివక్ష అనుకోకు. తొడ అనగానే మనవాళ్ల మనసులో సభాపర్వం మెదులుతుంది. నిండు సభలో దుర్యోధనుడు ద్రౌపదికి తొడ చూపించాడు, దానికోసమే భీముడి ప్రతిజ్ఞ, గదాయుద్ధంలో ఊరుభంగం, అంటే తొడలు విరగ్గొట్టడం. అంత అవమానం మోస్తున్న మాటని ఆడపిల్ల పక్కన పెట్టడానికి చెయ్యి వెనకాడుతుంది. జబ్బ చరిచింది అనొచ్చుగా, అది మల్లయోధుల మాట, ఏ మచ్చా లేదు.

పోస్ట్ పెట్టినావిడ:
మాస్టారూ, జబ్బ చరచడం బాగుంది, తీసుకుంటాను. కానీ తొడ చూపడం వేరు, తొడ చరచడం వేరు కదా. మొదటిది ఆడదాన్ని అవమానించడానికి ఒకడు చేసిన నీచప్పని, రెండోది సమానుడైన వాణ్ణి రా చూసుకుందాం అని పిలవడం. వాడు చేసిన తప్పుకి ఆ మాట వాడుకునే హక్కు ఆమెకి పోవడం నాకు న్యాయంగా అనిపించట్లేదు.

ఒక సభ్యురాలు:
నేను కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడాను. కోచ్ అరవండే అరవండే అని మొత్తుకునేవారు, మాకు నోరు పెగిలేది కాదు, చిన్నప్పట్నుంచి గట్టిగా నవ్వితేనే ఏంటా నవ్వు అని అడిగే ఇళ్లలోంచి వచ్చినవాళ్లం మరి. అందుకే సింధు సంగతి చదివినప్పుడు నాకు గుండె పట్టేసింది. రియో ఒలింపిక్స్‌కి ముందు కోచ్ గోపీచంద్ ఆమెని అకాడమీలో అందరి ముందూ కోర్టు మధ్య నిలబెట్టి అరువు అన్నారు, అరిస్తేగానీ రాకెట్ ముట్టుకోనివ్వను అన్నారు. ఆ అమ్మాయి అరవలేక ఏడ్చేసింది. స్మాష్ కొట్టడం వచ్చు, డ్రాప్ వచ్చు, రోజూ తెల్లవారకముందే లేచి ప్రాక్టీసుకి రావడం వచ్చు, గొంతెత్తడం ఒక్కటి విడిగా నేర్పాల్సి వచ్చింది. అది ఆమె లోపం కాదండీ, మనం పెంచే పద్ధతి. 2016 ఆగస్టు 19న ఒలింపిక్ ఫైనల్లో అవతల స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ ఉంది, ప్రతి పాయింటుకీ స్టేడియం అదిరేలా కేక. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి తర్వాతి రెండూ 12-21, 15-21తో పోగొట్టుకుంది. అయిపోయాక మారిన్ కోర్టు మీద పడి ఏడుస్తుంటే సింధు దగ్గరికి వెళ్లి లేపి కౌగిలించుకుంది, కింద పడి ఉన్న ఆమె రాకెట్ కూడా తీసి పెట్టింది. అంటే అరవడం నేర్చుకున్నంత మాత్రాన మర్యాద పోలేదు. అరుపూ మర్యాదా ఒకే మనిషిలో హాయిగా ఉంటాయి.

ఇంకో సభ్యుడు:
అదే సింధు, అదే మారిన్ 2023 అక్టోబరులో డెన్మార్క్ ఓపెన్ సెమీస్‌లో ఒకరి మీద ఒకరు అరుచుకుని ఇద్దరూ ఎల్లో కార్డు తిన్నారు, అదీ చెప్పండి మరి. క్రికెటర్ హర్మన్‌ప్రీత్ 2023 జూలైలో బంగ్లాదేశ్‌లోని మీర్పూర్‌లో బ్యాటుతో వికెట్లు కొట్టి అంపైరింగ్‌ని తిట్టింది, మ్యాచ్ ఫీజులో 75 శాతం ఫైన్, రెండు మ్యాచ్‌ల నిషేధం. ఆడవాళ్లైనంత మాత్రాన అన్నీ ఒప్పేసుకోవాలా? సంబరం వేరు వెక్కిరింపు వేరు. ఆ బాస్కెట్‌బాల్ అమ్మాయి ఏంజెల్ రీస్ ఎదుటి ప్లేయర్ మొహం ముందు చెయ్యి ఊపుకుంటూ వెంటపడటం నాకైతే క్రీడాస్ఫూర్తి అనిపించలేదు.

పోస్ట్ పెట్టినావిడ:
హర్మన్‌ప్రీత్‌కి పడిన శిక్ష సరైనదే, నాకే అభ్యంతరం లేదు, వికెట్లు పగలగొడితే ఎవరికైనా పడాలి. డెన్మార్క్‌లో కార్డు కూడా ఇద్దరికీ ఒకేలా పడింది, రూలు చేసింది రూలు పని. నేను అడిగేది రూలు గురించి కాదు, రూలు ఏమీ అనని చోట మనం అనే మాట గురించి.

రీస్ సంగతి ఎత్తారు కాబట్టి అది మొత్తం చెప్పుకుందాం, సగం చెబితే తప్పు అర్థం వస్తుంది. 2023 ఏప్రిల్ 2న డాలస్‌లో అమెరికా కాలేజీల మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్, రీస్ ఆడే ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 102-85తో అయోవా యూనివర్సిటీని ఓడించింది. చివర్లో రీస్ అయోవా స్టార్ కైట్లిన్ క్లార్క్ వైపు "నువ్వు నన్ను చూడలేవు" అని మొహం ముందు అరచెయ్యి ఊపింది, ఛాంపియన్‌షిప్ ఉంగరం పెట్టుకునే వేలు చూపించింది. తెల్లారేసరికి క్లాస్ లేదు, సంస్కారం లేదు అని తిట్లు. కానీ అదే సైగ కొన్ని రోజుల ముందు క్లార్క్ చేసింది, లూయివిల్ జట్టు మీద 41 పాయింట్లు కొట్టిన మ్యాచ్‌లో. అప్పుడు ఆ సైగకి పేరు తెచ్చిన రెజ్లర్ జాన్ సీనాయే ఆమెని మెచ్చుకుంటూ ట్వీట్ పెట్టాడు, జనం కూడా ఏం కసిరా ఈ పిల్లది అన్నారు. చెయ్యి అదే, ఊపు అదే. క్లార్క్ తెల్లమ్మాయి, రీస్ నల్లమ్మాయి. ఏడాది పొడుగునా నన్ను ఇలాగే అన్నారు, వేరేవాళ్లు చేస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు అని రీస్ ఆ రాత్రే ప్రెస్ ముందు చెప్పింది. రీస్‌ని తిట్టక్కర్లేదని క్లార్క్ కూడా తర్వాత గట్టిగానే చెప్పింది. కోర్టులో ఉన్న ఇద్దరికీ లేని గొడవ చూసేవాళ్లకి వచ్చింది. మీరు ఆ సైగే తప్పంటారా, సరే, ఇద్దరికీ అనండి, ఎదుటివాళ్ల వికెట్ పడగానే కోహ్లీ వాళ్లని సాగనంపే తీరుకీ అనండి, అప్పుడు నేను మీ పక్కనే నిలబడతాను.

ఒక కుర్రాడు:
అక్కా ఒక డౌటు. దూకుడు అనే మాట ఆడవాళ్లకీ రాస్తున్నారుగా, క్రికెటర్ షెఫాలీ గురించి షెఫాలీ దూకుడు అని హెడ్డింగులు చాలానే చూశా. అంటే మాట మారుతున్నట్టే కదా?

పోస్ట్ పెట్టినావిడ:
మంచి పాయింట్ తమ్ముడూ. కానీ కాస్త గమనించు, షెఫాలీ బ్యాటుకి దూకుడు అంటాం, షెఫాలీకి కాదు. సిక్స్ కొడితే దూకుడు, కొట్టాక బౌలర్ని ఒక చూపు చూస్తే పొగరు. కోహ్లీకి అయితే ఆటా మనిషీ మొత్తం కలిపి దూకుడే. 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లోనే చూడు, ఆస్ట్రేలియా మీద సెమీస్‌లో జెమీమా 127 నాటౌట్, సెంచరీ దాటినా సంబరం చేసుకోలేదు, మ్యాచ్ గెలిచాక ఏడ్చేసింది. ఆ ఏడుపు నిజం, నాకూ కన్నీళ్లు వచ్చాయి. అయితే ఆమె కన్నీళ్లకి మన దగ్గర ఎన్ని మాటలు దొరికాయో, ఏ అమ్మాయి కేకకైనా అన్ని దొరకాలి అనేదే నా బాధ.

మరో సభ్యురాలు:
శివంగి ఉంది కదండీ! ఆడపులి, అపరకాళి, భద్రకాళి. ఇవన్నీ పొగడ్తలే. తెలుగు మరీ అంత బీదది కాదు.

పోస్ట్ పెట్టినావిడ:
నిజమే, శివంగి నాకూ ఇష్టమైన మాట. కానీ చూడండి, మగవాడు మనిషిగానే ఉండి మీసం తిప్పుకుంటాడు, ఆమె మాత్రం అడవి జంతువో అమ్మవారో అయితే తప్ప మనం ఆ కోపాన్ని ఒప్పుకోం. కాళిక అవతారం ఎత్తింది అంటే కాసేపు ఆమె ఆమె కాదు, పూనకం, దిగిపోగానే మళ్లీ మామూలు. గెలిచి అరిచే అమ్మాయికి పూనకం ఏమీ రాలేదు. ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసింది, ఫలితం వచ్చింది, అరిచింది. మనిషి చేసిన పనికి మనిషి మాట కావాలి.

ఒక సభ్యుడు:
ఇక్కడ బరితెగించడం అనే మాట కూడా చూడాలి. బరి అంటే ఆటకి, పందేనికి గీసుకున్న హద్దు. బరిలోకి దిగాడు అని రోజూ స్పోర్ట్స్ పేజీలో రాస్తాం, బరిలోకి దిగిన మహిళల జట్టు అని కూడా రాస్తాం. బరితెగించాడు అనేది దొంగలకీ అక్రమార్కులకీ వాడతాం, అంటే మగవాడు బరి దాటాలంటే నేరమే చెయ్యాలి. ఆడవాళ్ల విషయంలో పొట్టి బట్టలేసినా, గట్టిగా నవ్వినా చాలు బరితెగించింది అంటారు. అంటే ఆమె చుట్టూ గీసిన బరి అంత ఇరుకు. 2018 యూఎస్ ఓపెన్ టెన్నిస్‌లో ఫ్రాన్స్ అమ్మాయి అలిజే కార్నే టీషర్టు తిరగేసి వేసుకున్నానని కోర్టులోనే విప్పి సరిగ్గా వేసుకుంటే అంపైర్ వార్నింగ్ ఇచ్చాడు, మగాళ్లు ప్రతి బ్రేక్‌లో కుర్చీలో కూర్చుని చొక్కా మార్చుకుంటూనే ఉన్నారు. తర్వాత నిర్వాహకులు విచారం వ్యక్తం చేసి రూలు స్పష్టం చేశారనుకోండి.

ఆ పెద్దాయన మళ్లీ:
బరి మీద ఈ వివరణ బాగుంది నాయనా, ఇది నాకు తట్టలేదు. అమ్మా, శివంగి మీద నువ్వన్నది కూడా ఒప్పుకుంటాను. అయితే కొత్త మాటకోసం వెతుక్కోకుండా జరిగింది జరిగినట్టు రాస్తే? పిడికిలి బిగించి అరిచింది. పిడికిలికి ఆడామగా లేదు, పురాణభారం లేదు. తొడ కొట్టడం మాత్రం నా తరానికి ఇంకా నోట్లో ఇబ్బందే, మీ తరం వాడుకుంటే అభ్యంతరం చెప్పను. ఎదుటివాళ్ల మొహం మీదకి చెయ్యి ఊపడం నాకు నచ్చదు, ధావనైనా సింధువైనా సరే.

వాలీబాల్ ఆడిన సభ్యురాలు:
అరిచింది అని రాసినా చాలామంది కయ్యిమంది అని చదువుకుంటారు మాస్టారూ, మా ఊళ్లో ఆడవాళ్ల అరుపంటే గొడవే. గర్జించింది అని రాయండి నిస్సంకోచంగా, నాలుగుసార్లు రాస్తే అదే అలవాటవుతుంది. తొడ కొట్టింది కూడా వదలొద్దు, కబడ్డీ ఆడే అమ్మాయిలు కూతకి వెళ్లేముందు తొడ చరుచుకోవడం నా కళ్లతో చూశాను, వాళ్లకి లేని సిగ్గు రాసేవాళ్లకెందుకు?