సీమపంది పిల్లలే ఎక్కువ చస్తున్నాయి, ఎందుకని?

మదనపల్లె వైపు రైతు:
నా దగ్గర సీమజాతి వైట్ యార్క్‌షైర్ తల్లి పందులు 4, నాటువి 2 ఉన్నాయి. మొన్న డిసెంబర్ చలిలో ఒక యార్క్‌షైర్ 13 ఈనింది. మూడోనాటికి 8 మిగిలినాయి. అదే వారం నాటుది 7 ఈనితే ఏడూ నిలబడినాయి. చూస్తే గుప్పెడంత ఉన్నాయి, అయినా పుట్టీ పుట్టకనే లేచి చన్ను పట్టినాయి. బరువున్న పిల్లే గట్టిది అంటారు కదా? చూడి మీద దాణా పెంచాల్నా?

ఇంకో పెంపకందారు:
పెంచు అన్నా. ఆఖరి నెలంతా కడుపునిండా పెడితే పిల్లలు బలంగా వస్తాయి.

పశువైద్యుడు:
ఆఖర్లో కొంచెం పెంచవచ్చు గానీ కడుపునిండా వద్దండీ. తల్లికి కొవ్వు పట్టి ఈత కష్టమవుతుంది, ఈనాక మేత సరిగ్గా తినదు, పాలు తగ్గుతాయి.

అసలు మీ పోలికలోనే ఒక తిరకాసు ఉంది. 7 పిల్లల కడుపు వేరు, 13 పిల్లల కడుపు వేరు. ఇరుకైన కొద్దీ ఒక్కో పిల్ల మాయకు (కడుపులో పిల్లకు తల్లి నుంచి ఆహారం అందించేది) దొరికే చోటు తగ్గుతుంది. ఈత సాగితే చివర పుట్టేవాటికి ఊపిరి అందదు. ఒకే ఈతలో అయితే బరువున్న పిల్లే బాగా బతుకుతుంది, అది నిజమే. జాతికీ జాతికీ మధ్య మాత్రం ఆ లెక్క పనిచేయదు.

చైనాలో మీషాన్ అనే పంది ఉంది. పిల్లలు ఎక్కువ, సైజు చిన్న, చావులు తక్కువ. అమెరికాలో దాన్నీ యార్క్‌షైర్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. చూడి 90 రోజులు దాటాక యార్క్‌షైర్ మాయ ఇంకా పెరుగుతూ చోటు ఆక్రమిస్తుంది. మీషాన్ మాయ అంతే ఉండి, దానిలో రక్తనాళాలు మాత్రం రెట్టింపు ఒత్తుగా అల్లుకుంటాయి. యార్క్‌షైర్ పిండాన్ని మీషాన్ కడుపులో పెట్టినా దాని మాయ తన జాతి తీరే పోయింది! మన నాటుదీ అచ్చం అంతేనని చెప్పను, కానీ మాయ బరువు చూసి పిల్ల బలం కట్టకూడదని దీంతో తెలుస్తుంది.

ఇంకో విచిత్రం. పంది మాయ తల్లి ఇచ్చిన గ్లూకోజులో కొంత ఫ్రక్టోజు అనే ఇంకో చక్కెరగా మార్చేస్తుంది. పుట్టిన పిల్ల ఆ ఫ్రక్టోజును దాదాపు వాడుకోలేదు. ఒంట్లో కొవ్వు 1-2 శాతమే. కాలేయంలో, కండలో గ్లైకోజన్ రూపంలో దాచుకున్న చక్కెరే దిక్కు, అదీ ఒక రోజులో చాలావరకు కరిగిపోతుంది. 2002లో నెదర్లాండ్స్ పరిశోధనలో, బతికే గుణం ఎక్కువున్న వంశాల పిండాల్లో మాయ చిన్నగానూ కాలేయంలో గ్లైకోజన్ ఎక్కువగానూ కనిపించింది.

పైగా పంది మాయ గుండా రోగనిరోధక శక్తి పిల్లకు చేరదు. అది ముర్రుపాలలోనే రావాలి, మొదటి రోజులోనే. ఒక్కో పిల్లకు 200-250 గ్రాములు పడాలి. చలికి వణికే పిల్ల చన్ను పట్టలేదు. మీరు వెచ్చదనానికి బల్బు ఎక్కడ పెట్టారు?

రైతు:
తల్లి పక్కనే, నడుమ వేలాడదీసినా సార్.

పశువైద్యుడు:
అదే పొరపాటు. పిల్లకు 32-34 డిగ్రీలు కావాలి, తల్లికి 20 చాలు. మూలన తల్లి దూరలేని గూడు కట్టి, వరిగడ్డి పరిచి, బల్బు అక్కడ పెట్టండి. పిల్లలు ఒకదాని మీద ఒకటి కుప్పపడితే చలి, దూరంగా జరిగి పడుకుంటే వేడి ఎక్కువ. పుట్టగానే గుడ్డతో తుడవండి. 13 ఉంటే మొదట పుట్టిన బలమైనవి తాగాక గంటసేపు గూట్లో మూసి, బక్కవాటికి చన్ను వదలండి. 3వ రోజుకు 200 మిల్లీగ్రాముల ఐరన్ సూది మరవద్దు.

రైతు:
కరెంటు పోతే?

పశువైద్యుడు:
వేడినీళ్ల సీసాలు గోనెసంచిలో చుట్టి గూట్లో పెట్టండి.

రైతు:
సరే సార్. ఇంకోదాన్ని నవంబర్ 2న దాటించినా.

పశువైద్యుడు:
114 రోజులకు ఫిబ్రవరి 24 అవుతుంది. 21 నుంచే రాత్రి షెడ్డులో ఎవరైనా పడుకోండి.