గేరు బండిని రెండు కార్ల మధ్య పెట్టడం ఎలాగండి?

నరసాపురం అమ్మాయి
పాత వ్యాగన్ఆర్ కొని మూడు నెలలైందండి. రోడ్డు మీద బానే పోతున్నా. మొన్న కార్తీక సోమవారం పాలకొల్లు క్షీరారామం వెళ్తే వీధిలో రెండు కార్ల మధ్య జాగా దొరికింది. రివర్స్ వేస్తే బండి ఎగిరెగిరి రెండుసార్లు ఆగిపోయింది. వెనక ఆటోల హారన్లు. ఎవరో డిక్కీ తడుతూ "రానీ రానీ" అన్నారు. ఆయన్ని నమ్మి వస్తే వెనక కారు బంపరుకి తగిలింది. నేర్చుకునేటప్పుడు ఎనిమిది వేయించారు గానీ ఇది చెప్పలేదు.

తణుకు టాక్సీ
అమ్మా, స్టీరింగ్ తర్వాత. ముందు ఎడమకాలు. సంత లేని రోజు సంత మైదానానికి వెళ్లండి. రివర్స్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ నిదానంగా వదలండి. ఒకచోట ఇంజన్ మోత బరువెక్కుతుంది, సీటు కింద సన్నగా అదురు తెలుస్తుంది. కాలు అక్కడే ఆపండి. మడమ నేలకి ఆనితే పాదం వణకదు. మన డెల్టా నేల చదునే కాబట్టి ఆ హాఫ్ క్లచ్ మీదే బండి మనిషి నడకలా వెనక్కొస్తుంది. జోరెక్కితే క్లచ్ నొక్కి బ్రేకు. ఇది వచ్చాక హారన్లు ఎన్ని మోగినా కంగారుండదు.

భీమవరం వాసి
జాగా మీ కారుకి ఒకటిన్నర రెట్లుండాలి. ముందు కారు పక్కన రెండు మూడు అడుగుల ఎడంలో, వెనక బంపర్లు సరిసమానంగా ఆపండి. ఎడమకి ఫుల్ కోసి వెనక్కి రండి. కుడి అద్దంలో వెనక కారు ఎడమ హెడ్‌లైటు కనపడగానే చక్రాలు తిన్నగా చెయ్యండి. మీ ముందు బంపరు ఎడమ మూల ముందు కారుని దాటాక కుడికి ఫుల్. మొదట ఎడమకి కోసినప్పుడు మీ బండి ముక్కు కుడికి, రోడ్డు మీదకి వస్తుంది. బైకులు పోనిచ్చాకే కదలండి.

లాకుల దగ్గర
ఇవన్నీ వీధిలో సరేనండి. కాలవగట్టు మీద మాత్రం ఎడమ అంచుకి అతుక్కోకండి. అప్పట్లో ఈ గట్ల మీంచి పడవల్ని తాళ్లతో లాగేవారు, కారు బరువుకి కట్టినవి కావు. వానాకాలం నల్లమట్టి పైకి గట్టిగానే కనిపిస్తుంది. మా బండి వెనక చక్రం అలాగే మూరెడు దిగిపోతే ట్రాక్టరుతో లాగించాం. జాగా చాలకపోతే వేరేచోటు చూసుకోండి.

నరసాపురం అమ్మాయి
నాలుగు రోజులు పొద్దున్నే మైదానంలో రెండు కొబ్బరిమట్టలు పాతి చేశానండి. ఇంజన్ ఆగడం మానేసింది. కానీ వంతెన ఎక్కే రోడ్డు పక్కన, ముక్కు పైకున్నచోట, క్లచ్ వాసనొచ్చింది. ఎందుకు?

తణుకు టాక్సీ
అక్కడ క్లచ్ మీద బండిని నిలబెడుతున్నారమ్మా, ప్లేటు కాలిపోతుంది. వెనక్కి రావడానికి వాలు చాలు. క్లచ్ పూర్తిగా నొక్కి బ్రేకుతోనే దించుకోండి. ఆపాక హ్యాండ్ బ్రేకు వేసి ఫస్ట్ గేర్లో ఉంచండి. ముక్కు కిందికుంటే రివర్స్‌లో. అయినా వంతెన దిగువన, చదునుగా ఉన్నచోట పెట్టి నడిచెళ్లడం మేలు.