పాత డెస్క్‌టాప్: అమ్మేయాలా, నడిపించుకోవాలా?

నల్గొండ నుంచి ప్రశ్న
మా ఇంట్లో 2013లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. విపరీతంగా స్లో అయింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి, ఇందులో 11 ఎక్కదు, కొత్తది తీసుకోమని షాపాయన అంటున్నాడు. చెల్లె ఇంటర్ ఎంపీసీ. నాయిన దాని మీదే తెలుగు టైపింగ్ పనులు చేస్తాడు. ఉంచాలా, తీసేయాలా?

మిర్యాలగూడ
తీసేయండి తమ్మీ. మొదలుపెడితే యూపీఎస్ బ్యాటరీ, తర్వాత ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే డబ్బా), తర్వాత బోర్డు, ఖర్చుకు అంతుండదు. అప్‌డేట్లు రాని సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్ అయితే డబ్బులకే మోసం. ఇప్పుడు అన్ని పనులూ ఫోన్లోనే అవుతున్నాయి కదా.

పాలమూరు
అన్నా, అన్ని పనులూ ఫోన్లో కావు. ఎప్‌సెట్, జేఈఈ మెయిన్ రెండూ కంప్యూటర్ మీదే రాస్తారు. మౌస్ పట్టుకుని, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య తిరుగుతూ, తెర మీద టైమ్ చూసుకుంటూ మాక్ టెస్టులు రాయడం ఇంట్లోనే అలవాటైతే, పరీక్ష రోజు ఆ టెన్షన్ ఉండదు. మన ఊళ్లలో చాలామంది పిల్లలు సెంటర్‌కు వెళ్లాకే మౌస్ పట్టుకుంటున్నారు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే నడిచే సిస్టమ్‌ను తూకానికి అమ్మొద్దంటాను.

షాపుకు పోకముందు పక్క డోరు తీసి చూడండి. మా దిక్కు ఎర్రమట్టి దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్ కింద హీట్‌సింక్ రేకుల మధ్య అట్టకట్టి ఉంటది. గాలి ఆడక వేడెక్కి స్లో అవుతుంది, ఎండాకాలం దానంతటదే ఆఫ్ అవుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టండి. బీప్ బీప్ అని మోగి తెర రాకపోతే, కరెంటు వైరు పీకేసి ర్యామ్ బయటికి తీయండి. దాని బంగారు రంగు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెట్టండి. చాలాసార్లు అంతటితోనే వస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పాత సంవత్సరానికి పోతుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్2032 అని అడగండి, ఎక్కడైనా దొరుకుతుంది. తేదీ తప్పుంటే వెబ్‌సైట్లు కూడా సురక్షితం కాదంటూ తెరుచుకోవు. జనం దాన్ని వైరస్ అనుకుంటారు.

అసలు ఖర్చు పెట్టాల్సింది ఎస్‌ఎస్‌డీ మీద, అంటే హార్డ్ డిస్కు కంటే చాలా వేగంగా నడిచే డిస్కు మీద. పాత హార్డ్ డిస్కుకున్నలాంటి సాటా కేబులే దానికీ సరిపోతుంది. ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ వేస్తే చాలు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు (చిన్న డబ్బాల్లాంటివి) ఉబ్బి ఉంటే మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి. అప్పుడు మిర్యాలగూడ అన్న మాటే నా మాట.

సూర్యాపేట
స్పీడు సరే, అప్‌డేట్ల సంగతి చెప్పలేదు మీరు. షాపాయన అన్నది నిజమే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే మామూలుగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ బదులు లైనక్స్ వేసుకోమంటారా, ప్రింటర్ పనిచేయకపోతే ఇక్కడ చూసేవాళ్లు ఎవరు? పెద్దాయన టైపింగ్ ఆగితే ఇల్లెట్లా గడుస్తది?

పాలమూరు
న్యాయమైన ప్రశ్న. చెల్లె చదువుకు, బ్రౌజర్‌కు లైనక్స్‌లో తేలికైన రకం, లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ చాలు. దానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. 4 జీబీలో నడుస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు కూడా ఉంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో చూసుకోండి. నచ్చకపోతే ఆపేయండి, లోపల ఏదీ మారదు.

నాయిన గారు ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్‌లో చేస్తుంటే సంగతి వేరు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని సిస్టమ్‌లకూ అర్థమయ్యే పద్ధతిలో లేవు. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో పాత ఫైళ్లు అర్థంకాని గుర్తుల్లా కనిపిస్తాయి. కాబట్టి ఆయన విండోస్‌ను కదిలించొద్దు. పాత డిస్కులో అట్లనే ఉంచి, నెట్ ఆపేసి టైపింగ్ ఒక్కటే చేయనివ్వండి. కొత్త ఎస్‌ఎస్‌డీలో లైనక్స్ వేసి నెట్ పనులు అందులో చూసుకోండి. బ్యాంకు పని కూడా అందులోనే.

పాత డిస్కు వయసు మీరు చెప్పినదాన్ని బట్టి పదేళ్లు దాటింది. టకటక చప్పుడు వినిపించినా, వినిపించకపోయినా, ఆయన ఫైళ్లు, ఫాంట్లు, ఇంటి ఫోటోలు ముందు వేరే డిస్కులోకి ఎక్కించండి. ఆ కాపీ తెరిచి చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టండి.