ఊరి వాలీబాల్ ట్రస్టులో ట్రస్టీగా రమ్మంటున్నారు, చేరే ముందు ఏం చూసుకోవాలి?

పల్నాడు_స్పైకర్

మాది పల్నాడు జిల్లాలో చిన్న ఊరు. పిల్లలకి వాలీబాల్ నేర్పడానికి రిటైరైన మా పీఈటీ సారు ముందుండి ఒక ట్రస్టు పెట్టారు, రెండేళ్ళు దాటింది. హైస్కూలు గ్రౌండులోనే సాయంత్రం మగపిల్లలకి, పొద్దున్నే ఆడపిల్లలకి కోచింగ్. కోచ్ జీతం, బంతులు, నెట్లు, పిల్లలు బయటి ఊళ్ళకి ఆడటానికి వెళ్తే చార్జీలు, అన్నీ చందాల మీదే నడుస్తున్నాయి. ట్రస్టు పత్రం (డీడ్‌)లో ఐదుగురు ట్రస్టీలు: సారు, ఇద్దరు ఊరి పెద్దలు, స్పోర్ట్స్ షాపు ఉన్న ఒకాయన, కోచ్ బావమరిది. పెద్దల్లో ఒకాయన ఆరోగ్యం బాగోక తప్పుకున్నారు, ఆ స్థానంలో నన్ను రమ్మంటున్నారు.

నేను ఆ గ్రౌండులో ఆడే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాను, కాదనే ప్రశ్నే లేదు. కానీ ఒకసారి లెక్కలు చూస్తానంటే సారు "లెక్కలేముంటాయిరా, అంతా మనవాళ్ళేగా" అన్నారు. మీటింగులు జరిగినట్టు రాసిన పుస్తకమే లేదు. చెక్కుబుక్కు తీసి చూస్తే ఇంకా వాడని ఆకుల మీద రెండో ట్రస్టీ సంతకం ముందే పెట్టేసి ఉంది. బంతులు, షూస్ అన్నీ స్పోర్ట్స్ షాపు ఉన్న ట్రస్టీ దగ్గర నుంచే. సారు నిజాయితీ మీద నాకు ఇసుమంత అనుమానం లేదు, తన పెన్షన్ డబ్బులు కూడా పిల్లలకే పెట్టిన మనిషి. అయినా టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే అమెరికాలో ఉన్న మా ఊరి అన్నయ్య ఒకాయన 10 లక్షలు పంపుతానంటున్నాడు. ఆ డబ్బు రాకముందే ఇవన్నీ సరిచెయ్యాలని నా తాపత్రయం. ట్రస్టీ బాధ్యత ఎక్కడిదాకా ఉంటుంది? సారుని నొప్పించకుండా ఎక్కడ మొదలెట్టాలి?

గుంటూరు_ఆడిటర్

తమ్ముడూ, ముందు ఆ చెక్కుల సంగతి తేల్చు. ఇద్దరి సంతకం ఉండాలని డీడ్‌లో రాసుకున్నదే ఒకరు చేసేది ఇంకొకరు చూడాలని. ముందే సంతకం పెట్టేస్తే ఆ రెండో మనిషి లేనట్టే. ఆ ఆకుల మీద అడ్డంగా గీతలు కొట్టి క్యాన్సిల్ అని రాసి, చింపెయ్యకుండా బుక్కులోనే ఉంచండి.

బాధ్యత విషయానికొస్తే, తోటి ట్రస్టీ చేసిన ప్రతి తప్పుకీ నువ్వు జవాబుదారీ కాదు. కానీ డబ్బు అతని చేతిలో వదిలేసి అదెలా ఖర్చవుతోందో పట్టించుకోకపోతే మాత్రం నష్టం నీ మెడకీ చుట్టుకుంటుంది. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ 26వ సెక్షన్‌లో ఉన్నది ఇదే. ఆ చట్టం నేరుగా ప్రైవేటు ట్రస్టులకే వర్తిస్తుంది గానీ, ప్రజల కోసం పెట్టిన ట్రస్టుల విషయంలోనూ కోర్టులు ఇదే సూత్రంతో చూస్తాయి. "నేను పేరుకే ఉన్నానండీ" అన్న మాట అక్కడ చెల్లదు.

షాపు విషయం ఇంకా ముఖ్యం. ట్రస్టీ దగ్గర కొనడం నేరం కాదు. కానీ న్యాయమైన ధర కంటే ఎక్కువ ఇచ్చారని తేలితే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు ట్రస్టుకిచ్చిన పన్ను మినహాయింపుకి ఎసరు పెట్టొచ్చు, ట్రస్టీకి లాభం చేసినట్టు లెక్క. అందుకని ఇంకో రెండు షాపుల కొటేషన్లు తెప్పించుకోండి, ఆ అంశం మీద మాట్లాడుతున్నంతసేపూ ఆయన బయట కూర్చోవాలి, ఆయన లేకుండా తీర్మానం చేసినట్టు మీటింగు పుస్తకం (మినిట్స్‌)లో రాయాలి. ధర నిజంగా తక్కువైతే ఆయన దగ్గరే కొనుక్కోవచ్చు, అప్పుడు ఆయన మీద కూడా మాట రాదు.

ఇంకోటి, చందాలు నగదుగా తీసుకోవడం తగ్గించండి. 2,000 దాటి నగదు ఇస్తే దాతకి విరాళం మీద పన్ను మినహాయింపు రాదు, చాలామంది దాతలకి ఇది తెలియక తర్వాత మనతో గొడవపడతారు.

డల్లాస్_తెలుగు

ఆ 10 లక్షల గురించి నేను చెప్తాను, మా దగ్గర ఇలాంటివి చాలా చూశాం. మీ అన్నయ్యది ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టేనా? అదొక్కటి కనుక్కోండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద విదేశీ విరాళం కాదు, పాస్‌పోర్ట్ కాపీ ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి చాలు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చేది) మీద ఉంటే మాత్రం మన ఊరివాడైనా, అమ్మానాన్నలు అక్కడే ఉన్నా, చట్టం దృష్టిలో విదేశీయుడే. అప్పుడు కేంద్ర హోంశాఖ అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా ట్రస్టు ఖాతాలో పడకూడదు.

ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్‌కి కనీసం 3 ఏళ్ళు పనిచేసి ఉండాలి, ఆ 3 ఏళ్ళలో ట్రస్టు లక్ష్యాల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి, మీకు అది ఇప్పట్లో కుదరదు. ఫలానా దాత నుంచి ఫలానా మొత్తానికి అని ముందస్తు అనుమతి అడిగే దారి ఒకటి ఉంది. ఏది వచ్చినా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా దిగాల్సింది ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. "మా బాబాయి ఖాతాకి వేసి అక్కడి నుంచి ట్రస్టుకి ఇప్పిద్దాం" అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. ఆ దొడ్డిదారి మాత్రం తొక్కొద్దు, దొరికితే ఇరుక్కునేది సంతకం పెట్టిన ట్రస్టీలు.

కోచింగ్_అక్క

అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. నేను అడిగేది వేరే: పొద్దున బ్యాచ్‌లో ఆడపిల్లలతో ఎవరుంటున్నారు? కోచ్ ఒక్కడేనా? పక్క జిల్లాకి ఆడటానికి వెళ్ళి రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే ఆ గదుల దగ్గర ఏ ఆడమనిషి ఉంటోంది? ఏ పిల్లకైనా కోచ్ వల్ల ఇబ్బందైతే చెప్పుకోవడానికి మీ ట్రస్టులో ఉన్నది ఎవరు, ఆయన బావమరిది! ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు, కానీ పద్నాలుగేళ్ళ పిల్ల ఆ ఇంటి గుమ్మం ఎక్కి చెప్పదు.

నేను కోచ్‌గా చేసిన చోట ట్రస్టీల్లో ఒక టీచరమ్మ ఉండేది. నెలకోసారి ప్రాక్టీసు అయ్యాక కోచ్‌లు ఎవరూ లేకుండా పిల్లలతో కూర్చునేది, బూట్లు కరుస్తున్నాయా, టాయిలెట్‌కి ఎక్కడికెళ్తున్నారు, ఎవరైనా తిడుతున్నారా అని అడిగేది. పిల్లలు నోరు విప్పేది అలాంటి చిన్న ప్రశ్నల దగ్గరే. మీకు ఖాళీ అయిన స్థానం ఒక ఆవిడకిస్తే ఇంకా సంతోషం, మీరు చేరినా సరే, ఐదుగురూ మగవాళ్ళే ఉండటం మాత్రం బాగోదు.

పోక్సో చట్టం, 2012 గురించి కూడా అందరికీ చెప్పండి. పిల్ల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాడి విషయం దాచిపెడితే ఏడాది దాకా. ఊరి పరువు పోతుందని పెద్దలు కూర్చుని రాజీ చెయ్యడం కుదరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గ్రౌండు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

అనంత_హాఫ్‌బ్యాక్

అక్క చెప్పిందానికి ఒకటి కలుపుతా. ట్రస్టీలు సెలక్షన్స్‌లో వేలు పెట్టకూడదు. మా అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ దశాబ్దాలుగా పల్లె పిల్లలకి ఆటలు నేర్పిస్తోంది, 2010లో నాదల్ ఫౌండేషన్ ఇక్కడ టెన్నిస్ స్కూలు తెరిచింది, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆ స్టేడియంలో జరిగాయి. అంత పెద్దది మీకు కుదరదు, అవసరమూ లేదు. కానీ ఏ సైజులోనైనా గ్రౌండు పని కోచ్‌ది, కోచ్ పని సరిగా జరుగుతోందా లేదా చూడటం ట్రస్టీలది. మన సింధుకి అండగా నిలిచిన ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్ అనే సంస్థని మొదలుపెట్టింది బిలియర్డ్స్ ఆటగాడు గీత్ సేఠీ, బ్యాడ్మింటన్ ఆటగాడు ప్రకాశ్ పదుకొనే. ఇద్దరూ ప్రపంచ స్థాయి ఆటగాళ్ళే, అయినా బోర్డులో వ్యాపారం, మేనేజ్‌మెంట్ తెలిసినవాళ్ళనీ కూర్చోబెట్టుకున్నారు. మీకూ ఆట తెలిసినవాళ్ళు ఉన్నారు, లెక్కలు తెలిసిన మనిషి ఒకరు కావాలి.

పల్నాడు_స్పైకర్

అందరికీ థాంక్స్. అన్నయ్యకి మెసేజ్ పెట్టాను, ఆయనది ఓసీఐనే, డబ్బు ఇప్పుడే పంపొద్దని చెప్పాను. అక్కా, మా స్కూల్లో పనిచేసే లెక్కల టీచరమ్మ పేరు సారుకి చెప్తాను, నా బదులు ఆవిడ వచ్చినా నాకు ఇష్టమే. సారుతో ఎలా మాట్లాడాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.

గుంటూరు_ఆడిటర్

సారుని లెక్క అడుగుతున్నట్టు మాట్లాడకు. "మీ తర్వాత కూడా ఇది నడవాలి సార్, మీకు బాగోకపోతే రేపు సంతకం ఎవరు పెట్టాలో కూడా రాసి లేదు" అను. జీవితమంతా పిల్లల కోసం పెట్టిన మనిషికి ఆ మాట అర్థమవుతుంది. డీడ్ తీయించి ట్రస్టీని మార్చే పద్ధతి, కోరం (మీటింగుకి కనీసం ఎంతమంది ఉండాలి), ట్రస్టు మూసేస్తే ఆస్తి ఎవరికెళ్తుంది అన్న మూడు చోట్లా ఏముందో ఆయన పక్కనే కూర్చుని చదువు. మార్చే పద్ధతి రాసి లేక, రేపు ట్రస్టీల మధ్య గొడవొస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు మెట్లెక్కాలి, ఏళ్ళు పడుతుంది. నువ్వు చేరినా టీచరమ్మ చేరినా తీర్మానం రాసి, పాత డీడ్‌కి జతగా సప్లిమెంటరీ డీడ్ రిజిస్టర్ చేయించి, బ్యాంకులో పేర్లు మార్పించండి. అవి పూర్తయ్యేదాకా ఒక్క చెక్కు మీద కూడా సంతకం పెట్టొద్దు.