అడ్డపొగ అంగిలి: బయాప్సీ ముక్క ఎక్కడ తీస్తున్నారు?

శ్రీకాకుళం, విశాఖ తీర పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టి కాల్చే (అడ్డపొగ తాగే) ఆడవాళ్ళ అంగిళ్ళు చూసేవాళ్ళకి ఈ ప్రశ్న: క్యాన్సర్ ఉందేమో చూడ్డానికి పరీక్షకి పంపే చిన్న ముక్కని (బయాప్సీ) ఎక్కడి నుంచి తీస్తున్నారు?

పొగాకులోని నైట్రోసమైన్లు కణం డీఎన్‌ఏకి అతుక్కుని, విభజనకి బ్రేకు వేసే పీ53 లాంటి జన్యువుల్ని పాడుచేస్తాయి. పైగా రోజూ వేడికి పొర కాలుతుంటే కణాలు మళ్ళీ మళ్ళీ విభజన చెంది ఆ తప్పుల్ని మోసుకుపోతాయి. అంతవరకూ తెలిసిందే. చిక్కల్లా ఒకే అంగిట్లో అన్ని రకాలూ ఉండటం: ఒకచోట తెల్లగా మందం కట్టి, నడుమ ఎర్రచుక్క ఉన్న బొడిపెలు (లాలాజల గ్రంథుల నోళ్ళు), పక్కన రంగు పోయిన చోటు, ఇంకోచోట గోరంత ఎర్రమచ్చ. కంటికి ముందు ఆనేది తెలుపే, ప్రమాదం మాత్రం ఎరుపులో ఎక్కువ. పుండు కూడా ఉంటే, దాని నడిమి నుంచి తీస్తే చచ్చిన కణజాలమే వస్తుంది. అందుకే అంచు దగ్గర మామూలు పొరతో కలిపి తీసి, ముక్క పరిమాణానికి పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) వేయాలి. గట్టి అంగిట్లో (అంగిలి ముందు భాగం) పొర కింద వెంటనే ఎముకే, క్యాన్సర్ గడ్డ అందులోకి దిగవచ్చు.

మూడు రకాలూ ఉంటే ఒక్క ముక్కతో సరిపెడుతున్నారా, రెండు మూడు చోట్ల తీస్తున్నారా? టొలుయిడిన్ బ్లూ (అనుమానమున్న చోట పట్టే నీలి రంగు) పూసేవాళ్ళు, గ్రంథుల నోళ్ళ దగ్గర ఊరికే పట్టే రంగును ఎలా వేరు చేస్తున్నారు? మైల్డ్ డిస్‌ప్లాసియా (కణాల్లో కొద్దిపాటి మార్పు, ఇంకా క్యాన్సర్ కాదు) అని రిపోర్టు వచ్చి, ఆవిడ చుట్ట మానేస్తే ఎన్ని నెలలకి మళ్ళీ పిలుస్తున్నారు?

కట్టుడు పళ్ళుంటే తీయించి చూసిన కేసుల సంగతే రాయండి, మచ్చ వాటి కింద దాక్కోవచ్చు.