కేయాస్‌ని తెలుగులో ఏమనాలి?

గ్రూపు పెద్దలకు నమస్కారం. నేను ఎమ్మెస్సీ గణితం రెండో ఏడాది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఈ సెమిస్టర్‌లో డైనమికల్ సిస్టమ్స్ (ఒక నియమం ప్రకారం మెట్టుమెట్టుకీ మారేవాటి గణితం), కేయాస్ అనే పేపర్ తీసుకున్నాను. మొదటిరోజు బోర్డు మీద పేరు చూసి "చావోస్" అని చదివాను. "చావు దాకా ఎందుకమ్మా, కేయాస్" అన్నారు మేడమ్. ఇప్పుడు క్లాసులో నా పేరే చావోస్.

ఇంటికొచ్చాక తాతయ్య ఏం పాఠమని అడిగితే, నిఘంటువులో కనబడ్డ మాటే చెప్పాను: గందరగోళం. "దానికి కాలేజీ ఎందుకే, సాయంత్రం మన సందు చివర నిలబడితే చాలదూ?" అన్నారు.

నా ఇబ్బంది ఏమిటంటే, పాఠంలో గందరగోళం ఎక్కడా లేదు. సున్నాకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకోండి. ఒకటిలోంచి దాన్ని తీసేయండి. మిగిలినదాన్ని మొదటి సంఖ్యతో గుణించి, నాలుగు రెట్లు చేయండి. వచ్చిన జవాబుతో మళ్ళీ అదే పని. నియమం అంతే, పాచికలు వేసేది లేదు. 0.3తో మొదలుపెడితే 0.84, తర్వాత 0.5376, అలా ఎనిమిదో మెట్టుకి సుమారు 0.448 వస్తుంది. 0.301తో మొదలుపెడితే మూడు మెట్ల దాకా రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఎనిమిదో మెట్టుకి రెండోది 0.719 దగ్గరుంటుంది. కేయాస్ అనేది ఈ తీరునే. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా ఇవే జవాబులు. ఇంత నియమంగా నడిచేదాన్ని గందరగోళం అనడానికి నాకు నోరు రావడం లేదు. మీరైతే ఏమంటారు?

వ్యాఖ్య (తెలుగు మేష్టారు):
అమ్మాయీ, "అవ్యవస్థ" అని రాసిన వ్యాసాలు చూశాను. నీ లెక్క చూశాక అదీ కుదరదనిపిస్తోంది, ఉన్నదంతా వ్యవస్థే కదా. "అస్తవ్యస్తం" అంటే విసిరేసి చెదరగొట్టినది, అదీ కాదు. ఇక "అయోమయం" సంగతి వింతైనది. సంస్కృతంలో అయస్సు అంటే ఇనుము, అయోమయం అంటే ఇనుముతో చేసినది. తెలుగులోకి వచ్చేసరికి తికమక ఎలా అయిందో గానీ, నీ నియమం ఇనుములాంటిదే కాబట్టి ఆ పాత అర్థంలో వాడుకో!

వ్యాఖ్య:
మేష్టారూ, సరదాకి బాగుంది. కానీ అయోమయం చూసేవాడి బుర్రలో ఉంటుంది, లెక్కలో కాదు. పరీక్షలో అలా రాస్తే దిద్దేవాళ్ళు ఈ పిల్లకే అర్థం కాలేదనుకుంటారు.

వ్యాఖ్య (వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైనాను):
మాట కన్నా ముందు విషయం పుట్టిన తీరు చూడండి. 1961లో అమెరికాలో ఎమ్.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఒక వాతావరణ నమూనాని కంప్యూటర్ మీద నడుపుతున్నారు. పాత లెక్కనే మధ్యలోంచి మళ్ళీ నడపాలని, కాగితం మీద అచ్చయిన 0.506 కొట్టి కాఫీకి వెళ్ళారు. యంత్రం లోపల అంతకుముందు ఉన్నది 0.506127. తిరిగొచ్చి చూస్తే రెండు లెక్కల వాతావరణాలకీ పొంతన లేదు. ముందు మిషను పాడైందనుకున్నారు. 1963లో దాని మీద వ్యాసం వేశారు, అందులో కేయాస్ అన్న మాటే శీర్షికలో లేదు. గణితంలో ఆ మాటకి ముద్ర పడింది 1975లో లీ, యార్క్ అనే గణితజ్ఞులు రాసిన చిన్న వ్యాసంతో. కాబట్టి తప్పు మన తెలుగుది కాదు. ఇంగ్లీషు వాళ్ళకీ ఆ పేరు వినగానే సంతే గుర్తొస్తుంది. గ్రీకులో అయితే దానికి అల్లరితో పనే లేదు, నోరు తెరుచుకున్న శూన్యం అని. గ్యాస్ అన్న మాట కూడా దాన్నుంచే చేశారు.

వ్యాఖ్య:
ఇంత వెతుకులాట ఎందుకండీ? గోరంత కొండంత అవడం! మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే.

పోస్టు పెట్టిన అమ్మాయి:
నాకూ ముందు అదే తట్టింది, మేడమ్‌ని అడిగాను కూడా. ఆవిడ ఒప్పుకోలేదు. ఒక సంఖ్యని ఊరికే రెట్టింపు చేసుకుంటూ పోయినా గోరంత తేడా కొండంత అవుతుంది, అది మాత్రం కేయాస్ కాదట. తేడా పెరగాలి, అయినా అంకె సున్నాకీ ఒకటికీ మధ్యే ఉండాలి, బయటికి పోకూడదు. అంటే సాగిందల్లా మళ్ళీ లోపలికి మడత పడాలి.

వ్యాఖ్య (తూర్పుగోదావరి):
సాగదీసి మడవడమా? అలా చెప్పరేం, మా తాపేశ్వరం మడత కాజా! పిండి పల్చగా సాగుతుంది, పొరలు పడుతుంది, పక్కపక్కన ఉన్న రెండు చుక్కలు వేరే వేరే పొరల్లో తేలతాయి.

వ్యాఖ్య (తెలుగు మేష్టారు):
కాజాని ఒక్కసారే మడుస్తారు నాయనా. ఈ అమ్మాయి లెక్కలో ప్రతి మెట్టుకీ మడతే. పరోటా మేష్టారైతే కొంత దగ్గర. "మడతగతి" అంటే? గతి ఎలాగూ గతిశాస్త్రంలో ఉన్నదే.

వ్యాఖ్య:
మడతగతి వింటే ఆసనం పేరులా ఉంది. కేయాస్ అని తెలుగు లిపిలో రాసేసుకుందాం. బస్సుకీ రైలుకీ లేని పట్టింపు దీనికెందుకు?

పోస్టు పెట్టిన అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. పరీక్షలో కేయాస్ అనే రాస్తాను. నా నోట్సులో మాత్రం మేష్టారి మాటే, మడతగతి. నిన్న రాత్రి చపాతీ పిండి మీద రెండు మిరియాలు పెట్టి, మడిచి, ఒత్తి తాతయ్యకి చూపించాను. ఆయన వెంటనే, "అయితే 0.3 తర్వాత ఇంకా చాలా అంకెలు రాసుకుంటే గొడవ లేదుగా?" అన్నారు. లెక్క వేసి చెప్పాను: ఈ నియమంలో తప్పు సగటున మెట్టుకి రెట్టింపవుతుంది. ఒక అంకె అదనంగా రాస్తే దక్కేది ఇంకో మూడు మెట్లు, మహా అయితే నాలుగు. "మరి నూరు మెట్లకి?" అన్నారు. ముప్ఫై అంకెలు రాయాలి తాతయ్యా అన్నాను. ఆయన మిరియాలు ఏరుకుని డబ్బాలో వేసేశారు.