ఆట ఆపి బయటికి వెళ్దామంటే బాబు తల్లడిల్లిపోతున్నాడు

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు, ఆటిజం ఉంది, మాటలు తక్కువ. బొమ్మ కార్లు వరసగా పేర్చుకుంటూ ఎంతసేపైనా ఆడతాడు. చెప్పులు వేసుకో అనగానే నేల మీద పడి ఒకటే ఏడుపు. బయట గోలగా ఉంటే చెవులు మూసేసుకుంటాడు. ఏం చేస్తే వాడికి తేలికవుతుంది?

జవాబు 1: అది మొండితనం కాదండీ, ఉన్నట్టుండి పని మారడమే వాళ్లకు కష్టం. నోటితో చెప్పింది గాల్లో కలిసిపోతుంది, ఫోటో అయితే కళ్ల ముందే ఉంటుంది కాబట్టి చెప్పులు, బండి, షాపు, మళ్లీ ఇల్లు, ఇలా ఫోటోలు ఒక అట్ట మీద వరసగా పెట్టి, ఒక్కో పని అయ్యాక ఆ ఫోటో వాడి చేతే తీయించండి. చివర్లో ఇల్లు తప్పకుండా ఉండాలి, తిరిగొస్తామన్న ధైర్యం దాంతోనే వస్తుంది. ఆట ఆపే ముందు టైమర్ పెట్టి చూపిస్తే ఇంకా మంచిది.

జవాబు 2: చెవుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. శబ్దం, వెలుతురు, స్పర్శ మరీ ఎక్కువగానో తక్కువగానో తెలియడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక వైద్యులు సమస్యను గుర్తించడానికి వాడే పుస్తకం) ఆటిజం లక్షణాల్లో చేర్చింది. శబ్దం తగ్గించడానికి చెవుల మీద పెట్టే ఇయర్ మఫ్స్ ముందు ఇంట్లోనే అలవాటు చేయండి, రోజంతా మాత్రం వద్దు. జనం పలచగా ఉన్న వేళ చూసుకుని కాసేపే వెళ్లండి. చెవుల మీదికి చేతులు వెళ్లాయంటే పని సగంలో ఉన్నా సరే, వచ్చేయండి.

అడిగినవారు: థ్యాంక్సండీ. ఆ కార్ల వరస మాన్పించాలా?

జవాబు 3: అస్సలు వద్దు! వాడికి అదే హాయి. పక్కన కూర్చుని మీరూ ఒక వరస పేర్చండి, మధ్యమధ్యలో ఒక కారు అందించి ఊరుకోండి, తీసుకుంటే తీసుకుంటాడు. బయల్దేరేటప్పుడు వాడికి నచ్చిన కారొకటి చేతిలో ఉండనివ్వండి.